పదిహేడు గళ్ళు

"ఆర్డీ, నంబరు రాసుకురా!"

కొత్తగా ఓ పాతబండి, అమ్మకానికి బండ్లు నిలిపే లాట్‌లోకి వచ్చినప్పుడల్లా లైల్ బ్రెకె ఆఫీసు గుమ్మంలోంచి వేసే కేక అది. ఆర్డిస్ కోటు తొడుక్కుని బయటికి వెళ్ళి, ముందు అద్దం మీద గడ్డకట్టిన మంచును గీకి, డ్రైవరు వైపు మూలన డాష్‌బోర్డుకు బిగించిన సన్నటి రేకులోకి తొంగిచూస్తుంది. దాని మీద బండి గుర్తింపు నంబరుగా చెక్కిన పదిహేడు అక్షరాలనూ అంకెలనూ ఫారంలోని పదిహేడు గళ్ళలోకి ఎక్కిస్తుంది. మైనాట్ ఊరి బయట బ్రెకె అన్నదమ్ములు పాత కార్ల వ్యాపారం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళయింది. అన్నేళ్ళుగానూ ఈ పని ఆమెదే. జీతం మాట ఒకసారి ఎత్తితే, "ఇంట్లో మనిషికి జీతమేంటి, నవ్విపోతారు" అన్నాడు లైల్. అత్తగారు బోర్గిల్డ్ అయితే చర్చిలో ఎవరు కనబడినా కోడల్ని మెచ్చుకుంటూనే పొడిచేది: "మా ఆర్డిస్ చేతిరాత ముత్యాల్లా ఉంటుందమ్మా. పాపం, దేవుడు ఆ ఒక్కటైనా ఇచ్చాడు."

ముత్యాల్లాంటి ఆ రాత రాస్తూ రాస్తూ ఆమె చదవడం కూడా నేర్చుకుందని ఎవరికీ తోచలేదు. మొదటి గడి బండి ఏ దేశంలో పుట్టిందో చెబుతుంది. పదో గడి ఏ సంవత్సరపు మోడలో, పదకొండోది ఏ ఫ్యాక్టరీయో. చివరి ఆరూ ఆ ఫ్యాక్టరీ గేటులోంచి అది ఎన్నో బండిగా బయటికొచ్చిందో. ఒకటికీ సున్నాకీ పొరబడతారని ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు. తొమ్మిదో గడి మరీ గడుసుది. మిగతా పదహారింటికీ విలువలు కట్టి, వాటి వాటి స్థానాలకు తగ్గట్టు హెచ్చవేసి కూడి పదకొండుతో భాగిస్తే మిగిలేదే అందులో ఉండాలి. ఎక్కడ ఒక్క అక్షరం తప్పు రాసినా లెక్క కుదరదు. బంగాళాదుంపలు ఉడికేలోగా ఆర్డిస్ ఆ లెక్క మనసులోనే చేసేయగలదు. ఒక థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల దగ్గర ముచ్చటపడి ఈ సంగతి చెప్పబోతే లైల్ ఫోర్కు పళ్ళెంలో పడేసి నవ్వాడు. "వినండ్రా, మా ఆవిడ కార్లకు జాతకాలు చెబుతుందట!" మరిది కర్టిస్‌కు నవ్వి నవ్వి పొలమారింది. అతనికి మంచినీళ్ళ గ్లాసు అందించింది కూడా ఆర్డిసే.

జనవరిలో ఆమె పేరున ఒక ఉత్తరం వచ్చింది. ఆమె కారు మోడల్లో ఎయిర్‌బ్యాగులు లోపంతో వచ్చాయని, తీసుకొస్తే ఉచితంగా మారుస్తామని కంపెనీ రాసింది. అది ఎర్రకారు. పాతికేళ్ళ పెళ్ళిరోజుకు లైల్ పైన రిబ్బను కట్టించి, అందరినీ పిలిచి మరీ తాళాలు చేతిలో పెట్టాడు. మంగళవారం వెళ్ళి కంపెనీ షోరూం వెనక వర్క్‌షాపులో అప్పజెప్పింది. గంట తర్వాత నెరిసిన గడ్డం మెకానిక్ ఒకాయన వచ్చి, టోపీ తీసి, ఆమెను కారు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మేడమ్, అద్దం కింద ఒక నంబరుంది. బండి కంప్యూటరుకి మా మెషీన్ తగిలిస్తే ఇంకో నంబరొస్తోంది. ఆ రెండో నంబరు బండి వరదలో మునిగిపోయి తుక్కు కింద రాసేసిందని రికార్డులో ఉంది. అంటే ఈ తుక్కుబండికి ఎవరో ఇంకో బండి రేకు బిగించారు."

ఆయన స్టీరింగ్ మధ్య మూత తీసి చూపించాడు. ఎయిర్‌బ్యాగు ఉండాల్సిన చోట పాతగుడ్డలు కుక్కి ఉన్నాయి.

అందులో ఒకటి ఆమె గుర్తుపట్టింది, నీలిగళ్ళ వంటింటి తువ్వాలు. ఎక్కడ పోయిందా అని ఇల్లంతా వెతికిన తువ్వాలు. కూతురు మారిట్ ఎనిమిదో నెల కడుపుతో వచ్చి ఈ కారే వారం పాటు నడిపింది. పొట్టకూ స్టీరింగుకూ మధ్య జానెడు ఎడం లేదు. "నిదానంగా పోనీయవే" అని లైల్ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు. తెలిసి ఊపాడు.

"ఇది నేను పోలీసులకు చెప్పక తప్పదు మేడమ్," అన్నాడు మెకానిక్.

"చెప్పండి. ఆలస్యం చేయకండి."

కారు అక్కడే వదిలేసి, ఆయన ఇచ్చిన అద్దె బండిలో ఇంటికొచ్చింది. ఎయిర్‌బ్యాగు ఇంకా రాలేదని, అందాకా బండిని ముట్టుకోమన్నారని లైల్‌తో చెప్పింది. "ఇంతసేపా? కాఫీ కూడా పెట్టుకోకుండా కూచున్నా," అన్నాడు లైల్. ఆమె కాఫీ పెట్టింది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. ఏడుపు రావలసిన చోట ఏదో గట్టిపడి, చల్లగా, తేటగా ఉంది. అది ఆమెకు నచ్చింది కూడా.

ఆ తర్వాత పదకొండు రోజులూ ఆర్డిస్ పొద్దున్నే చీపురు పట్టుకుని లాట్‌లో బండ్ల మీద మంచు దులిపింది. "ఈ మధ్య మా ఆవిడకి శుభ్రం ఎక్కువైంది," అన్నాడు లైల్. ఆమె దులిపేది మంచే, చూసేది రేకులు. రేకును బిగించడానికి ఫ్యాక్టరీలో కొట్టే రివెట్ల తల చిన్న పువ్వులా ఉంటుంది. కొన్ని రేకులకు బటన్లలాంటి గుండ్రటి తలలున్నాయి. వెనక షెడ్డులో కర్టిస్ కొట్టినవి. తలుపు అంచున అదే నంబరుతో ఉండాల్సిన స్టిక్కరు కొన్నిటికి లేదు. ఒక బండిలో సీటుబెల్టు అడుగున కుట్టిన చీటీ మీది సంవత్సరం, పదో గడి చెప్పే సంవత్సరం కన్నా ఐదేళ్ళు వెనక ఉంది. ప్రతిదీ జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుంది, ముత్యాల్లాంటి అక్షరాలతోనే.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనాలయ్యాయి. ఆమె సింకు దగ్గర గిన్నెలు తోముతుంటే అన్నదమ్ములు పక్క గదిలో మాట్లాడుకున్నారు. కుళాయి పారుతుంటే ఆడవాళ్ళకు చెవులు వినబడవని వాళ్ళ నమ్మకం కాబోలు.

"మంగళవారం ఎవడో పోలీసు ఇన్‌స్పెక్టరొస్తాడంట. కాగితాలు చూస్తాడంట," అంటున్నాడు కర్టిస్. "అన్నా, నాకు భయంగా ఉంది."

"భయమెందుకురా? కాగితాల మీద చేతిరాత ఎవరిది? నీదా, నాదా?"

పక్క గదిలో కుర్చీ కిర్రుమంది.

"వదినమీదికి తోసేద్దామనా?"

"యాభయ్యారేళ్ళొచ్చాయి, కళ్ళు ఆనవు, అంకెలు తప్పు రాసిందంటాం. అలాంటిదాన్ని జైల్లో ఎవడు పెడతాడు? ఓ మందలింపుతో వదిలేస్తారు. నేను చెబితే కాదనదు."

ఆర్డిస్ గిన్నెలన్నీ కడిగి, తుడిచి, బోర్లించింది. గదిలోకి వెళ్ళి, "ఇంకొంచెం కేకు పెట్టనా?" అని అడిగింది. ఇద్దరూ పెట్టమన్నారు.

మంగళవారం వచ్చిన ఇన్‌స్పెక్టరు పేరు ఫెట్టర్. పొడుగ్గా, అలసటగా ఉన్నాడు. ఆమె వైపు చూడకుండానే కోటు ఆమె చేతికిచ్చి, లైల్ ఎదురుగా కూర్చున్నాడు. లైల్ తాను అనుకున్నట్టే మొదలుపెట్టాడు. గొంతులో ఎంత జాలో!

"మా ఆవిడండీ, పాపం, కొన్నాళ్ళుగా మతిమరుపు. చెబితే బాధపడుతుందని ఊరుకున్నాను. ఈ కాగితాలన్నీ తనే రాస్తుంది. అడగండి కావాలంటే."

ఫెట్టర్ తలెత్తాడు. "ఇవన్నీ మీరే రాశారా మేడమ్?"

"నేనే."

లైల్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఒక్క అక్షరం తప్పులేదు సార్," అంది ఆర్డిస్. "రేకు మీద ఏముంటే అదే రాశాను. తప్పు రేకులది. మీ కోటు ఇదిగో, వేసుకుని రండి, చూపిస్తాను."

మొదట బూడిదరంగు పికప్ ట్రక్కు దగ్గర ఆగింది. రివెట్లు చూపించింది. సీటుబెల్టు మొదలంటా లాగి చీటీ చూపించింది. తర్వాత ఆ చలిలో, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, ముందు చక్రం వెనక ఇనుప చట్రం మీది బురదను తీగబ్రష్షుతో రుద్దింది. లోహంలోకి కొట్టిన అంకెలు పైకి తేలాయి. "రేకు మార్చారు కానీ, పాపం, ఇక్కడ కూడా అసలు నంబరు ఉంటుందని తెలీదు వీళ్ళకి." ఫెట్టర్ ఆమె పక్కనే మంచులో కూర్చున్నాడు. ఇప్పుడతను ఆమెనే చూస్తున్నాడు, రాసుకుంటున్నాడు. రెండో బండి, మూడో బండి. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ కర్టిస్ ముఖం సున్నం కొట్టినట్టయింది. ఇరవై ఆరేళ్ళలో ఏ పండగ రోజునా ఆర్డిస్‌కు ఇంత హాయిగా లేదు.

లైల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చాలు, ఆర్డీ. నీ మీదికి రాదులే, నేను చూసుకుంటా. అమ్మకి ఏం చెప్పుకోమంటావే?"

"నువ్వేం చెప్పక్కర్లేదు. పొద్దున నేనే చెప్పాను. మారిట్‌కీ చెప్పాను, గుడ్డల సంగతితో సహా."

అతను షెడ్డు వైపు ఓ చూపు చూసి, జేబులో చెయ్యి పెట్టుకున్నాడు.

ఫెట్టర్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "మేడమ్, కేసు పెట్టడానికి ఈ మూడూ చాలు. మీ తప్పేం లేదని తేలిపోయింది. చలి ఎక్కువైంది, మీరిక లోపలికెళ్ళండి."

"ఇంకా పదకొండున్నాయి సార్," అంది ఆర్డిస్. "ఆరు షెడ్డులో ఉన్నాయి."

మొగుడి వైపు తిరిగి, షెడ్డు తాళాల కోసం చెయ్యి చాపింది. తొడుగు లేని ఆ చెయ్యి చలికి ఎర్రబారుతున్నా, లైల్ జేబులోంచి గుత్తి తీసి అందులో పెట్టేదాకా దించలేదు.