ఓడినవాళ్లే సర్దాలి

చాంద్ బీ ఎడమచేత్తో మిరపకాయ అందుకుంటుంది, కుడిచేతి రెండువేళ్లతో తొడిమ తుంచుతుంది, కాయను ముందున్న కుప్పలోకీ తొడిమను పక్కకీ విసురుతుంది. తెల్లబడ్డ తాలుకాయ తగిలితే దాన్ని వేరే గంపలో వేస్తుంది. ఇంతపనికీ ఆమె కిందికి చూడదు. గురజాల శివారులో కోటేశ్వరరావు గారి కల్లంలో, రేకుల నీడన, ముక్కుకీ నోటికీ పాతచీర ముక్క కట్టుకుని మిగతా ఆడవాళ్ల మధ్య కూర్చున్న చాంద్ బీ పొద్దుటినుంచీ గుర్రం గురించే ఆలోచిస్తోంది. సాయంత్రం ఆటలో ముందు గుర్రాన్ని తీయాలా, బంటును జరపాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

పక్కన కూర్చున్న శేషమ్మకు ఈ చదరంగం గోల తెలుసు. ఆదివారం సాయంత్రం కాసేపు నడుం వాల్చక, ఆ మగాళ్ల మధ్యకు పోయి కొయ్యముక్కలు జరపడం ఏమిటని ఆమె బాధ. అందులోనూ ఇంతవరకూ ఒక్క ఆటా గెలిచింది లేదాయె.

"ఓడిపోటానికి అంతదూరం పోవాలా వదినా? ఇంట్లో కూకుంటే ఓడమా ఏంది?" అంది శేషమ్మ.

చాంద్ బీ నవ్వింది. అడ్డం కట్టుకున్న గుడ్డ వల్ల ఆ నవ్వు శేషమ్మకు కనబడలేదు. ఆ నవ్వులోనే కంట్లో నీళ్లు తిరిగితే, చెయ్యి పైకెత్తి మోచేతి పైభాగంతో అద్దుకుంది. మిరపకాయ పనిచేసే మనిషి వేలు కంటికి పోదు. పిల్లలు చిన్నప్పుడు ఏడిస్తే వాళ్ల కళ్లు కూడా ఆమె అట్లా మోచేత్తోనే తుడిచేది. కాయల కాలంలో పిల్లల బుగ్గ నిమిరిన గుర్తు ఆమెకు లేదు. తల్లి ఎందుకు ముట్టుకోదో తెలిసే వయసొచ్చేసరికి వాళ్లు పెద్దవాళ్లయిపోయారు.

ఆట ఆమెకు నాన్న నేర్పాడు. అబ్దుల్ మజీద్‌కు బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే బడ్డీ ఉండేది. బేరాల్లేని మధ్యాహ్నాలు సిరాతో గళ్లు గీసిన గుడ్డ పరిచి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ఆయన ఆడింది పాతకాలపు ఆట. అందులో బాద్షా, అంటే రాజు, ఒకే ఒక్కసారి, ప్రాణం మీదికి రాకముందే, గుర్రంలాగా దూకొచ్చు. పెళ్లి కుదిరిన నెలలో అమ్మ ఆ గుడ్డను మడిచి పెట్టెలో పడేసింది. భర్త హబీబుల్లా పిడుగురాళ్లలో సున్నం లారీలు బాగుచేసేవాడు. మంచివాడే, కానీ ఆటంటే ఆయనకు పేకాట ఒక్కటే తెలుసు. ఆయన పోయాక, పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్లు పడ్డాక, చాంద్ బీకి ఆ గుడ్డ మీది గళ్లు మళ్లీ గుర్తుకు రావడం మొదలైంది.

పోయిన వానాకాలం, పనుల్లేని రోజుల్లో, ఎరువుల కొట్టు పక్కన మెట్ల దగ్గర బోర్డు చూసింది. చదరంగం క్లబ్బు, నేర్చుకోదలచిన అందరికీ స్వాగతం, వయసుతో పనిలేదు అని రాసుంది. ఆ బోర్డు కింద నుంచి ఎన్నిసార్లు పోయిందో, ఎన్నిసార్లు మొదటిమెట్టు మీద కాలుపెట్టి తీసేసిందో ఆమెకే తెలియాలి. ఒకరోజు మాత్రం చెప్పులు కింద విడిచి, కొంగు తలమీదికి లాక్కుని పైకెక్కేసింది. కార్యదర్శి రాజీవ్ లేచి కుర్చీ వేశాడు. అతను ఊళ్లో కంప్యూటర్లు నేర్పే కుర్రవాడు. మొదటి ఆటలోనే ఆమె బాద్షాను గుర్రంలా దూకించింది. అందరూ నవ్వారు. రాజీవ్ నవ్వకుండా ఇప్పటి రూళ్లు చెప్పాడు. వాటిలో రెండు ఆమె మనసులో నిలిచిపోయాయి. ముట్టుకున్న పావునే ఆడాలి. ఆట అయ్యాక, ఓడినవాళ్లు రెండువైపుల పావులూ వరసగా పేర్చి గానీ లేవకూడదు.

ఆ రెండోది ఆమెకు నచ్చింది. ఓడిపోయేది, తీరిగ్గా పేర్చేది. ఏనుగు, గుర్రం, శకటు, వాళ్లు క్వీన్ అనీ మంత్రి అనీ పిలిచే వజీరు. గుర్రాల ముఖాలు ముందుకు తిప్పి పెట్టేది, నాన్న అలాగే పెట్టేవాడని. క్లబ్బు అధ్యక్షుడు కోటేశ్వరరావు గారు అప్పట్లో ఎవరొచ్చినా ఆమెను చూపించి, మా దగ్గర ఆడవాళ్లు కూడా ఆడతారు తెలుసా అని మురిసిపోయేవాడు. ఆమెను పక్కన నిలబెట్టుకుని ఫొటో కూడా దిగాడు.

తర్వాత మాఘమాసం వచ్చింది, కల్లాల్లోకి కాయ వచ్చింది. ఒక సాయంత్రం ఆమెతో ఆడుతూ ఆడుతూ కోటేశ్వరరావు గారు పావు పట్టిన చేత్తోనే కన్ను నలుపుకున్నాడు. అంతే, గావుకేకలు. కుళాయి కింద తల పెట్టినవాడు చాలాసేపటిదాకా తియ్యలేదు. అప్పటికి ఆయన ఏనుగొకటి పోయి ఉంది కాబట్టి, ఆడలేక మద్దెల ఓడన్నాడని ఒకరిద్దరు చాటున అనుకున్నారు గానీ, మంట మాత్రం నిజం. ఆ వారమే క్లబ్బు పెద్దలు కూర్చుని తీర్మానించారు. చాంద్ బీ రావచ్చు, ఆడవచ్చు, పావుల్ని మాత్రం ముట్టుకోకూడదు. ఎత్తు నోటితో చెబితే రాజీవ్ జరుపుతాడు. ఓడినా సర్దనక్కర్లేదు.

ఎంత మర్యాదగా చెప్పారో! ఆ ఘాటు ఎవరి చేలోదో ఒక్కడికీ గుర్తు రాలేదు. కోటేశ్వరరావు గారి మేడకు ఎర్రరంగు ఆ కాయల మీదే వచ్చింది. ఆయన కూతురి కాలేజీ సీటు ఆ కాయల మీదే వచ్చింది. ఆయన కంచంలోకి పచ్చడీ అక్కణ్ణుంచే వస్తుంది. కాయ కావాలి, కాయ ఒలిచిన చెయ్యి అక్కర్లేదు. కింద ఎరువుల కొట్లోంచి పురుగుమందు కంపు గుప్పున మెట్లెక్కి వస్తుంటే మాత్రం ఏ పెద్దమనిషీ ముక్కు మూసుకున్న పాపాన పోలేదు.  చాంద్ బీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గుర్రం ఇటు, బంటు ముందుకి అని చెబుతూ వారాల తరబడి ఆడింది. ఆట వదులుకోవడం ఆమె వల్ల కాలేదు. అదే వాళ్లకు లోకువైపోయింది.

ఈ ఆదివారం రాజీవ్ కబురు చేశాడు, ఏదో ఉపాయం దొరికింది, ఇకమీదట మీరే పావులు జరుపుకోవచ్చు అని. అందుకే పొద్దుటినుంచీ గుర్రం ఆలోచన.

కల్లం నుంచి ఇంటికొచ్చి చేతులకు ఆముదం పట్టించింది. మజ్జిగలో ముంచి ఉంచింది. శనగపిండితో రుద్ది, సబ్బుతో కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. వాసన పోయింది గానీ మంట పోలేదు. ముప్పయ్యేళ్ల కారం చర్మం మీద ఉంటే కడిగితే పోయేది, లోపలికి దిగిపోయింది. ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది.

రాజీవ్ సంబరంగా ప్లాస్టిక్ కవరు విప్పాడు. మందులషాపులో కొన్న తెల్లటి రబ్బరు తొడుగులు. అతను చెడ్డవాడు కాదు, తన జేబులోంచి పెట్టి కొన్నాడు. అందుకే ఆమె వాటిని అందుకుంది. పైగా మళ్లీ పావు పట్టుకోవచ్చన్న ఆశ. తొడుక్కుంది. అవి పెద్దవై వేళ్ల చివర్లు వేలాడుతున్నాయి. కాసేపటికి లోపల చెమట పట్టి చేతులు భగభగ మండసాగాయి. పళ్లబిగువున ఆడింది.

ఎదురుగా కోటేశ్వరరావు గారు. ఆదివారాలు మాత్రమే బయటికి తీసే కొయ్యపావులు. ఆట సగానికి వచ్చేసరికి చాంద్ బీకి ఒకటి కనబడింది. తన గుర్రం ఆయన ఏనుగును ఊరికే కొట్టేయొచ్చు.  చెయ్యి చాచింది. వేలాడుతున్న రబ్బరు కొస పక్కనే ఉన్న తన వజీరుకు తగిలి అది ఒరిగింది.

"ముట్టుకున్నావమ్మా. మంత్రినే ఆడాలి" అన్నాడు కోటేశ్వరరావు గారు.

పొరపాటున తగిలితే లెక్కలోకి రాదని, తగిలింది కూడా చెయ్యి కాదు తొడుగని రాజీవ్ మెల్లిగా నసిగాడు.

"రూలు రూలేనయ్యా. ఒక్కొక్కళ్లకీ ఒక్కో రూలు పెడతామా ఏంది?"

ముట్టుకోవద్దని తీర్మానం చేసిన నోరే, ముట్టుకున్నావు ఆడమంది. గదిలో అంతమంది ఉండీ ఒక్కరూ ఇదేమి న్యాయమని అడగలేదు. చదువుకున్నవాళ్లు, పొలాలున్నవాళ్లు, నలుగురికీ తీర్పులు చెప్పేవాళ్లు, అందరూ గళ్ల పలక వంకే చూస్తూ కూర్చున్నారు. వజీరుకు క్షేమంగా పోయే చోటు లేదు, ఎటు జరిపినా చావే. చాంద్ బీ జరిపింది. కోటేశ్వరరావు గారు దాన్ని కొట్టేశాడు. కాసేపట్లో ఆట అయిపోయింది.

ఆయన ఒళ్లు విరుచుకుంటూ, "నువ్వు లేమ్మా, రాజీవ్ సర్దుతాడు" అన్నాడు.

చాంద్ బీ లేవలేదు. ఒక్కొక్క వేలే లాగుతూ తొడుగులు రెండూ విప్పింది. చేతులు ఉడికినట్టు ఎర్రగా ఉన్నాయి. ఉప్పూ కారం తినే ఒళ్లు కదా, దానికి మాత్రం రోషం ఉండదా?

"ఓడినోళ్లే సర్దాలి గదా బాబాయ్. రూలు రూలే" అంది.

వట్టిచేత్తో పేర్చడం మొదలుపెట్టింది. తొందరపడలేదు. ఏనుగుల్ని, గుర్రాల్ని, శకటుల్ని, రెండువైపులా బంట్లన్నిటినీ నిండా గుప్పిట్లోకి తీసుకుని, చీర కుచ్చెళ్లు సర్దినంత శ్రద్ధగా పెట్టింది. గుర్రాల ముఖాలు ముందుకు తిప్పింది. చివర కోటేశ్వరరావు గారి రాజును ఆయన కళ్లముందే రెండు వేళ్లతో తలదగ్గర పట్టుకుని దాని గడిలో నిలబెట్టింది. ఎవరూ వద్దనలేదు. వద్దనడానికి రూలు లేదు.

తొడుగులు మడిచి రాజీవ్ ముందు పెట్టింది. "నీ మనసు మంచిది బాబూ. ఈ తొడుగులు బాబాయ్ చేలో మందు కొట్టేవాళ్లకి ఇయ్యి. వట్టిచేతుల్తో కొడతన్నారు."

మెట్లు దిగుతుంటే కళ్లు కారిపోయాయి. దుఃఖమే, కోపం కూడా. మోచేతి పైభాగంతో తుడుచుకుని చెప్పులు వేసుకుంది. మర్నాటి నుంచి ఆమె పిడుగురాళ్ల రోడ్డులో వేరేవాళ్ల కల్లానికి వెళ్లింది. శేషమ్మ కూడా గంప ఎత్తుకుని ఆమె వెంటే వెళ్లింది. క్లబ్బుకు మాత్రం చాంద్ బీ మళ్లీ వెళ్లలేదు.

ఆ ఆదివారం సాయంత్రం, ఆమె దిగిపోయాక, పైన ఆటకు వంతున్నవాళ్లు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అనుకున్నారు. ఎవరికో ఫోను వచ్చింది, ఎవరికో ఇంట్లో పని గుర్తొచ్చింది. కోటేశ్వరరావు గారు చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. బల్ల మీద పావులన్నీ వరసగా, గుర్రాలు ఎదురెదురుగా చూసుకుంటూ, తెల్లబంటును మొదట కదిపే చెయ్యి కోసం నిలబడే ఉన్నాయి.