ఏడు తలుపుల గోడ

దమ్మపేట దాటాక, పామాయిల్ తోటల మధ్య బాబూరావు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. అతనిది వ్యవసాయ శాఖలో ఉద్యోగం. భార్య ప్రమీల నర్సు. ఇద్దరూ తండాలో రేకుల ఇళ్ళలో పెరిగినవాళ్ళు. ఈ ఇల్లు మాత్రం చూసినవాళ్ళు ఆగి చూసేలా ఉండాలని వాళ్ళ కోరిక. లోపలి పనంతా ఖమ్మం నుంచి వచ్చే షబ్రీన్‌కు అప్పజెప్పారు.

షబ్రీన్‌కు ఇరవై ఆరేళ్ళు. ఇంటీరియర్ డిజైన్ చదివి వచ్చాక సొంతంగా చేస్తున్న మొదటి ఇల్లు ఇది. చెక్కపని ఆమె తండ్రి జానీ మియాది. నలభై ఏళ్ళు తన ఇష్టప్రకారం తలుపులూ మంచాలూ చేసిన మనిషి, ఇప్పుడు కూతురు గీసిన కాగితం చూసి చెక్క కోస్తున్నాడు. అందుకు లోలోపల గర్వపడుతున్నాడు కూడా.

పని మొదలైన రోజు షబ్రీన్ ఆ ఇంటి పాప జ్యోత్స్నను పిలిచింది. ఆరేళ్ళ పిల్ల.

"నీకు ఎట్లాంటి ఇల్లు గావాలె చెప్పు?"

పాప నోటుపుస్తకంలో ఒక గోడ గీసింది. గోడ నిండా తలుపులే. పెద్దవి, పొట్టివి, ఒకటి వంకరది.

"తలుపు తీస్తే లోపల ఏముంటదో ఎవ్వరికీ తెల్వద్దక్కా," అంది.

ఆ మాట షబ్రీన్‌ను పట్టుకుంది. హాల్లో మెట్ల పక్కనున్న పొడవాటి గోడకు ఏడు పాత తలుపులు బిగించాలనుకుంది. ఒకటి తీస్తే పుస్తకాలు, ఒకటి తీస్తే అద్దం, ఇంకొకటి తీస్తే గోడ మీద బొమ్మ పులి. అన్నిటికంటే చిన్నదాని వెనక, మెట్ల కింది ఖాళీలో, పాప దూరి ఆడుకునే గూడు. లోపల మెత్తటి ఫోమ్, నక్షత్రాల బట్ట.

గోదావరి ముంపు కింద ఖాళీ అయిన ఊళ్ళ తలుపులు ఖమ్మంలో పాతసామాను షాపులకు వస్తున్నాయి. జానీ మియా అక్కడి నుంచే ఏడూ ఏరి తెచ్చాడు. ఆరింటిని తుడిచి రంగులు వేశారు. ఏడోదాన్ని మాత్రం అతను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. నడుమెత్తు కూడా లేని టేకు తలుపు. లోపలి వైపు, అడుగున, చెక్క నిండా గీరిన గుర్తులు. బయట బరువైన ఇనుప గడియ.

"బేటీ, ఇది మనుషుల తలుపు గాదు. మేకపిల్లల్ని లోపలేసి బైటికెల్లి గడియ పెట్టే తలుపు."

"అందుకే బాగుంది అబ్బా. పాప ఎత్తుకు సరిగ్గ సరిపోతది."

"గడియ పీకేస్తా మరి."

"దాని అందమే ఆ గడియ. వద్దు."

వాళ్ళు మాట్లాడుతుండగానే, గోడకు ఆనించిన ఆ తలుపు మీద పైకెత్తి ఉన్న గడియ తనంతట తానే జారింది. టక్‌మని చప్పుడు. ఇద్దరూ అటు చూశారు. షబ్రీన్ నవ్వేసింది. జానీ మియా నవ్వలేదు.

గూడు తయారయ్యేటప్పుడు ప్రమీల ఒక్కటే మాట చెప్పింది. "అడవి పక్కన ఇల్లు షబ్రీన్. తేళ్ళు, పాములు దూరకుండ సందు అనేది లేకుండ జేయండి."

అలాగే చేశారు. ప్లైవుడ్ అంచులన్నీ గమ్ముతో మూసేశారు. జానీ మియా తల లోపల పెట్టి చూసి బయటికి వచ్చాడు.

"గాలి ఆడ్తలేదు. తలుపుకు నాలుగు చిల్లులు పెడ్తా."

"ఫొటోలల్ల కనబడ్తయి అబ్బా. ఎట్లయినా తలుపు తీసే ఉంటది గద."

"గడియ?"

"గృహప్రవేశం అయి ఫొటోలు తీసినంక నువ్వే పీకు."

అతను సంచి సర్దుకున్నాడు.

గృహప్రవేశం మే నెలలో పడింది. ఎండకు తోటల్లో ఆకు కూడా కదలడం లేదు. తండా నుంచి చుట్టాలు ట్రాక్టర్లలో వచ్చారు. సౌండ్ బాక్సులు మోగుతుంటే పక్కవాళ్ళ మాట వినపడడం లేదు. వచ్చినవాళ్ళంతా ఏడు తలుపుల గోడ దగ్గర ఆగారు. తలుపులు తీశారు, మూశారు, పులిని చూసి అరిచారు. షబ్రీన్ పొద్దుటి నుంచీ ఫోనుతో ఫొటోలు తీస్తూనే ఉంది. భోజనాల వేళకు హాలు ఖాళీ కావడంతో తలుపులన్నీ మూసి ఉన్న గోడను తీరిగ్గా, ఎదురుగా నిలబడి, పది ఫొటోలు తీసుకుంది.

రెండు దాటాక ప్రమీల పాప కోసం వెతికింది. వంటల దగ్గర లేదు. ట్రాక్టర్ల దగ్గర లేదు.

"జ్యోత్స్నను చూసిండ్రా?" అని అడుగుతూ పోతుంటే ఆమె గొంతు పెరుగుతూ పోయింది. పిల్లలు దాగుడుమూతలు ఆడారని, అందరూ దొరికారని, జ్యోత్స్న మాత్రం దొరకలేదని ఒక పిల్ల చెప్పింది. సౌండ్ ఆపేశారు. మగవాళ్ళు పామాయిల్ తోటలోకి పరుగెత్తారు. ఇద్దరు తోట బావిలోకి తొంగి చూశారు. బాబూరావు బావి గట్టు మీద కూలబడి పాప పేరే పిలుస్తున్నాడు.

షబ్రీన్ వరండాలో నిలబడి ఫోను తెరిచింది. పాప చివరిసారి ఎక్కడ కనపడిందో ఫొటోల్లో తెలుస్తుందేమోనని ఒక్కొక్కటే జరిపింది. పొద్దున పది గంటల ఫొటోలో చిన్న తలుపు తెరిచి ఉంది. గడియ పైకి ఉంది. ఒంటిగంటా ఇరవైకి తీసిన ఫొటోలో తలుపు మూసి ఉంది. గడియ కొండిలో పడి ఉంది.

ఆ ఫొటో తీస్తున్నప్పుడు గడియ నీడ చెక్క మీద ఎంత బాగా పడిందో అనుకున్నట్టు ఆమెకు గుర్తొచ్చింది.

హాల్లోకి పరుగెత్తింది. గడియ మొదటిసారి లేవలేదు. రెండోసారి లేచింది. లోపలి నుంచి వేడి, గమ్ము వాసన మొహానికి కొట్టాయి. పాప బోర్లా పడి ఉంది. మొహం గోడ మూలకు, నేలకు ఆనించి ఉంది. ఆ మూలలో, బయటి నుంచి మెట్టు చాటున కనపడకుండా, వేలు పట్టేంత చిల్లులు రెండు ఉన్నాయి. పాప ముక్కు వాటి దగ్గరే ఉంది.

షబ్రీన్ కేక విని ప్రమీల పరుగెత్తుకొచ్చింది. తల్లిలా ఏడవలేదు, నర్సులా మోకాళ్ళ మీద కూర్చుంది. నాడి చూసింది. తడిబట్ట చుట్టింది. "ఊపిరి ఉన్నది. కారు తియ్యండి, జల్దీ," అంది.

సత్తుపల్లి దవాఖానాలో సాయంత్రానికి జ్యోత్స్న కళ్ళు తెరిచింది. నీళ్ళడిగింది. ఎండదెబ్బ, గాలి అందకపోవడం, ఇంకో అరగంటయితే చెప్పలేం అన్నాడు డాక్టరు.

సంగతి తెలిసి ఖమ్మం నుంచి పరుగెత్తుకొచ్చిన జానీ మియా మీదికి దవాఖానా వరండాలో బాబూరావు వచ్చాడు.

"చిన్నపిల్ల ఆడుకునే జాగల బైటి గడియ పెడ్తవా చాచా? నలభై ఏండ్లు చేసిన పని ఇదేనా?"

జానీ మియా తల వంచుకున్నాడు. "నాదే తప్పు సార్."

షబ్రీన్ రెండడుగుల దూరంలో ఉంది. ఆ మాట వినగానే ముందుగా ఆమెకు కలిగింది ఊరట. అది తనకే తెలిసి సిగ్గేసింది. ఒక నర్సు ట్రే పట్టుకుని వాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయాక బాబూరావు ముందుకొచ్చి నిలబడింది.

"ఆయన తప్పు గాదు సార్. గడియ పీకుదామని రెండుసార్లన్నడు. నేనే వద్దన్న. ఫొటోల కోసం."

బాబూరావు నమ్మనట్టు చూశాడు. గది గుమ్మంలో నిలబడి ఉన్న ప్రమీల అడిగింది.

"మరి ఆ చిల్లులు?"

"అవి గూడ వద్దన్న అక్కా. నాకు చెప్పకుండ పెట్టిండు."

ప్రమీల వచ్చి జానీ మియా చేతులు రెండూ పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. చాలాసేపటికి తలెత్తి షబ్రీన్ వైపు చూసింది.

"నువ్వు ఇంకెప్పుడూ మా ఇంట్లకు రాకు," అంది. గొంతులో కోపం కూడా లేదు.

ఖమ్మం బస్సులో తండ్రీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. కల్లూరు దాటాక షబ్రీన్ అడిగింది.

"ఎందుకు నీ మీదేసుకున్నవ్ అబ్బా?"

"నువ్వు చెప్పకపోతే నేను గూడ చెప్పేటోణ్ణి గాదు," అన్నాడు జానీ మియా, కిటికీలోంచి చూస్తూ. "నువ్వు చెప్పవేమోనని, పాప కళ్ళు తెరిచినంక నాకు గా భయమే పట్టుకున్నది."

మూడు రోజుల తర్వాత బాబూరావు ఫోన్ చేసి, గోడ మొత్తం పీకేయమన్నాడు. జానీ మియా సుత్తి, రంపం సంచిలో వేసుకుంటుంటే షబ్రీన్ కూడా చెప్పులేసుకుంది. అతను వద్దనలేదు. దమ్మపేటలో దిగి ఆటోలో వెళ్ళారు.

గేటు దగ్గర ఆమె ఆగిపోయింది. తండ్రి ఒక్కడే లోపలికి వెళ్ళాడు. మేకులు ఊడుతున్న చప్పుడు, చెక్కలు కింద పడుతున్న చప్పుడు మధ్యాహ్నం దాకా వినపడుతూనే ఉన్నాయి. షబ్రీన్ ఎండలో నిలబడే ఉంది. ఇంట్లోంచి ఎవరూ ఆమెను పిలవలేదు.