వేప మొద్దు పక్కన పుట్ట

మా పెరట్లో వేపచెట్టు నిరుడు గాలివానకు కూలింది. మాను కోయించి అమ్మేశాం గానీ మొద్దు మాత్రం అలాగే ఉండిపోయింది. జగ్గయ్యపేటలో ఏ పెరట్లో చూసినా అంతే. మొద్దు తవ్వించడమంటే ఎవరికీ చేతులాడవు. వానలు తగ్గేసరికి దాని పక్కనే పుట్ట లేచింది. చెదలు పెట్టిన పుట్టకు పసుపూ కుంకుమా ఎందుకంటే మా ఆవిడ రత్తమ్మ వింటుందా? నాగుల చవితికి దాంట్లో పాలు పోసి, పుట్టమన్ను తెచ్చి మా అందరి చెవులకూ పెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్లకే మా కోడలు ఆమని నెల తప్పింది. పెళ్లయిన ఆరేళ్లకు! ఇక ఆ పుట్ట జోలికి పోయే మగాడెవడు?

చెదలకు మా ఇంటి శుభాలతో పనేముంది? మాది డాబా. వాటికి దొరికింది పెరటి ద్వారబంధం ఒక్కటే. గోడవతల చాంద్ బాషాది పాతకాలపు పెంకుటిల్లు. దూలం, వాసాలు అన్నీ కర్రే. మా వేప వేళ్లు గోడ కింద నుంచి అటు పోయాయి, వాటి వెంటే చెదలూ పోయాయి. లారీ డ్యూటీ దిగి ఇంటికొచ్చిన చాంద్ బాషా తన గోడ మీద మట్టిచారలు చూసి, మొద్దు తవ్వేసి మందు పోయిద్దామని నన్ను అడిగాడు. నేను సరేననే లోపే రత్తమ్మ అందుకుంది. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో పుట్ట తవ్వుతారా, కాన్పయ్యేదాకా ఆగమంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది నా పని. అతని భార్య జైనాబీయే నన్ను గట్టెక్కించింది. వదిన భయం వదినది, ఆగుదామని మొగుడికి సర్దిచెప్పి లోపలికి తీసుకుపోయింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే కిరసనాయిలు వాసన గోడ దాటి వచ్చేది. జైనాబీ చీపురుతో చారలు దులిపి, కిరసనాయిలు గుడ్డతో గోడ తుడిచేది. చెదలు మళ్లీ కట్టుకునేవి. ఆవిడ ఒక్కసారీ నోరెత్తలేదు. ఎత్తినా బాగుండేది, మా ఆవిడతో దెబ్బలాడటానికి నాకో తోడు దొరికేది.

ఎండలు ముదిరేవేళకు వాళ్లమ్మాయి జాకియా వత్సవాయిలోని అత్తారింటి నుంచి కాన్పుకొచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. ఆమనికి అప్పుడు ఐదో నెల. పిల్లాణ్ణి చూసొస్తానని వెళ్లి, ఇట్టే తిరిగొచ్చేసింది.

"అత్తయ్యా, పిల్లాణ్ణి వసారాలో పడుకోబెట్టారు. ఉయ్యాల కట్టలేదేమని అడిగితే, గాలి కోసమంది జైనాబీ పిన్నిగారు. జాకియా లోపలికి తీసుకెళ్లి చూపించింది. దూలానికి పోటు పెట్టారు. గోటితో గీకితే పిండిలా రాలుతోంది."

రత్తమ్మ వెంటనే చెప్పులేసుకుంది. వెనకే నేనూ వెళ్లాను. దూలం కింద సరుగుడు గుంజ నిలబెట్టి ఉంది. ఇంత జరుగుతుంటే ఒక్క మాట చెప్పలేదేమని రత్తమ్మ జైనాబీ మీద కోప్పడింది.

"ఎట్టా అడగను వదినా? ఆరేళ్లకు నిలిచిన కడుపు," అంది జైనాబీ. "నా దూలం పోతే ఇంకోటి ఏసుకుంటా."

ఇంటికొచ్చి రత్తమ్మ పుట్ట ముందు కూలబడింది. అన్నాళ్లూ మా ఆవిడ మూర్ఖత్వం మీద నాకు పీకలదాకా కోపం. ఆ పూట మాత్రం జాలేసింది. ఆరేళ్లు మొక్కని దేవుడు లేడు, ఎక్కని మెట్టు లేదు. అడిగింది ఇచ్చిన ఒక్క చోటునూ ఏ చేత్తో తవ్వుతుంది పాపం? అయినా ఆ రాత్రి తనే అంది, రేపే తవ్వించేద్దామని.

మర్నాడు మావాడు నరేంద్ర, మందు వాసన పడదని ఆమనిని నందిగామలో పుట్టింట దించి రావడానికి బస్సెక్కాడు. వాళ్లటు వెళ్లాక మందు కొట్టే రాంబాబు గునపంతో వచ్చాడు. ముందు మొద్దు పెకలించి, ఆ గోతిలోనూ రెండిళ్ల గోడల వెంటా మందు పోయాలన్నాడు. రత్తమ్మ పుట్టకు పాలు పోసి, దణ్ణం పెట్టి, క్షమించమని వేడుకుంది. లేచి అతని చేతిలోని గునపం తీసుకుంది.

"మొదటి పోటు నేనే ఏస్తా. దోషమేదన్నా ఉంటే నాకే తగలాల. పిల్లకొద్దు."

ఎత్తిన గునపం దింపలేకపోయింది. నేను సాయం వెళ్లబోతే కసిరింది. ఇంతలో జైనాబీ మా దొడ్డి గుమ్మంలోంచి వచ్చింది. పైటకొంగు నడుముకు దోపుకుని రత్తమ్మ పక్కన నిలబడి, గునపం మీద తనూ చెయ్యి వేసింది.

"నా ఇంటి కోసమే గదా తవ్వేది. అంతా నీ నెత్తినే ఏసుకుంటే ఎట్టా వదినా? సగం నాకు పెట్టు."

ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ఇద్దరి పెదవులూ కదులుతున్నాయి, ఎవరి దేవుడికి వాళ్లు. ఏం చెప్పుకున్నారో నాకు వినపడలేదు గానీ, ఇద్దరూ అడిగింది మా ఆమని గురించేనని నాకు తెలుసు. గునపం దిగింది.