పిప్పరమెంట్ల డబ్బా

నేను పనిచేసే కళ్లజోళ్ల దుకాణం పక్కనే ఒక పాత సామాన్ల కొట్టు ఉంది. అద్దాలు అరగదీసి కళ్లు లాగినప్పుడు అందులోకి వెళ్లి కాసేపు నిలబడటం నాకు అలవాటు. ఆ మధ్యాహ్నం విరిగిన ఇస్త్రీపెట్టెల వెనక, కీ ఇస్తే గెంతే రేకు కప్ప పక్కన అది కనిపించింది. ఆకుపచ్చ రేకు డబ్బా, మూత మీద పిప్పరమెంటు బిళ్లల బొమ్మ. చూడగానే ప్రాణం లేచొచ్చింది. పిచ్చిదానిలా అక్కడే నిలబడి నవ్వుకున్నాను.

"జాగ్రత్తమ్మా, కరుస్తుంది" అన్నాడు కొట్టు ముసలాయన.

"తెలుసులెండి. చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఉండేది."

మూత తిప్పితే బిళ్లలు రావు. గుడ్డ తొడిగిన స్ప్రింగు పాము చెంగున ఎగిరి మొహాన పడుతుంది. నాన్న బస్సు కండక్టరుగా చేసేవాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆ డబ్బా చేతికందించి "ఒకటి నోట్లో వేసుకోండి" అనేవాడు. దానికి ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది: డబ్బా ఇచ్చేవాళ్లు నవ్వకూడదు. నేనేమో ఇవ్వకముందే కిసుక్కుమని గుట్టు బయటపెట్టేదాన్ని. అమ్మ మాత్రం ఆ ఆటలో ఎన్నడూ చేరలేదు. "పెద్దమనిషి చేసే పనేనా అది?" అని విసుక్కునేది. ఇల్లు మారినప్పుడు డబ్బా కనిపించకుండా పోయింది. అమ్మే పారేసిందని నా అనుమానం. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కొనేశాను. నాన్న నవ్వి చాలా రోజులైంది మరి. గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక ఆయన నవ్వడం, దగ్గడం రెండూ మానేశాడు. రొమ్ము మీది కుట్లు విడిపోతాయని భయం. దగ్గు వచ్చినప్పుడు అదుముకోమని ఆసుపత్రివాళ్లు ఒక దిండు ఇచ్చారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు గానీ దగ్గడు. గొంతులో కఫం గరగరలాడుతూనే ఉంటుంది. "ఇలా బిగబట్టుకుంటే ఊపిరితిత్తులు పాడవుతాయి, మళ్లీ చేర్చాల్సిందే" అని డాక్టరు కూడా గట్టిగానే మందలించాడు.

ఇంటికి తెచ్చాక గానీ నా బుర్ర పనిచేయలేదు. గుండె కోసి కుట్టిన మనిషి మీదికి పామును వదులుతానా? ఉలిక్కిపడి ఆ గుండె కాస్తా ఆగితే? నన్ను నేనే తిట్టుకుని డబ్బాను వంటింటి పై అరలో, ఖాళీ సీసాల వెనక దాచాను. అమ్మకు కంట్లో శుక్లం. ఎదురుగా ఉన్న చెంచానే తడుముకుంటుంది, అంత పైకి చూడదులే అనుకున్నాను.

మర్నాడు ఫ్రేములో అద్దం బిగిస్తుంటే అమ్మ ఫోన్ చేసింది.

"పై అరలో పిప్పరమెంట్ల డబ్బా పెట్టావుగా? మీ నాన్న గొంతు గరగరలాడుతోందని తీసి ఇచ్చాను."

"అమ్మా, అవి బిళ్లలు కావే! ముందు ఆయన చేతిలోంచి లాగెయ్!"

"సరిగ్గా వినబడటం లేదు" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

అద్దం అక్కడే పడేసి పరుగు తీశాను. దారంతా ఒకటే ఆలోచన: నాన్నకేమైనా అయితే నా చేజేతులా అయినట్టే. ఆటోవాణ్ని తొందరపెట్టాను, ఎర్ర దీపం దగ్గర అతనితో పోట్లాడాను, మెట్లెక్కుతూ రెండుసార్లు తట్టుకున్నాను.

నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డబ్బా చేతిలో ఉంది. మూత ఇంకా తీయలేదు.

"నాన్నా, తెరవకు! అందులో..."

"పాముంది" అన్నాడు నెమ్మదిగా.

"మరి ఇలా ఇచ్చెయ్!"

"ఎలా ఇస్తానే? మీ అమ్మ ఇచ్చింది. 'ఒకటి నోట్లో వేసుకోండి' అంది. మొహం చూడాల్సింది, ఇంత కూడా నవ్వలేదు." నాన్న మూత మీది బొమ్మను బొటనవేలితో తడిమాడు. "పెళ్లయినప్పటినుంచీ ఇదే మొదటిసారి. తెరవకపోతే ఏం బావుంటుంది? ఇందాకటినుంచీ ధైర్యం కూడగట్టుకుంటున్నా."

నేను చెయ్యి చాపేలోపే దిండును మోచేతులతో గుండెకు అదుముకుని మూత తిప్పేశాడు. పాము ఎగిరొచ్చి నా నుదుటికి తగిలింది. తెలిసి తెలిసి కెవ్వుమన్నాను.

నాన్న నావైపు చూశాడు. ముందు వెక్కిలిలాంటి చప్పుడొచ్చింది, తర్వాత నవ్వు, ఆ నవ్వులోంచే దగ్గు తన్నుకొచ్చింది. దిండును గట్టిగా వాటేసుకుని వంగిపోయి దగ్గుతూనే ఉన్నాడు. మొహం కందగడ్డయింది. అంతా అయిపోయిందనుకున్నాను. అంబులెన్సుకి ఫోన్ చేయబోయాను. ఆగమన్నట్టు నాన్న అరచెయ్యి ఎత్తాడు. పక్కనున్న గిన్నెలో కఫం ఉమ్మి, నిండా ఊపిరి పీల్చుకున్నాడు. గరగర లేదు.

"తెలిసి కూడా అరిచింది చూడు!" అని మళ్లీ నవ్వాడు.

కోపం పట్టలేక వంటింటి గుమ్మం వైపు తిరిగాను. "అమ్మా! తెలిసే ఇచ్చావా?"

"ఎన్నేళ్లు తుడిచాను దాన్ని, చేతికి తెలియదా?" అంది అమ్మ. మొహంలో నవ్వు లేదు, బెదురూ లేదు.

అప్పుడు చూశాను. అమ్మ ఇంట్లోనే చెప్పులు తొడుక్కుని ఉంది. నాన్న బట్టలు, మందుల చీటీలు సర్దిన ఆసుపత్రి సంచి చేతిలో ఉంది.

"ఇక అది కింద పెట్టమ్మా" అన్నాను.

పెట్టబోయింది గానీ పిడికిలి విడలేదు. ఆ వేళ్లను నేనే ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది.