బల్లకి ముందే లేచి వెళ్లే మనిషి

దానియేలు బర్మా యుద్ధం నుంచి పతకం తెచ్చుకున్నాడు గానీ, నోరు అక్కడే వదిలేసి వచ్చాడు. రాయ్‌పూర్ రైల్వేలో చేరాక ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేవాడు. రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల వేళకి మాత్రం లేచి బయటికి నడిచేవాడు. మనుషుల్ని చంపిన చేతులు కాబట్టే బల్ల ముట్టడని భార్య దీనమ్మ తీర్మానించుకుంది.

ఆయన పోయాక కూతురు ఎస్తేరు ఉండబట్టలేక, పతకం వెనక చెక్కిన దళం పేరు పట్టుకుని వాకబు చేసింది. అదే దళంలో పనిచేసిన పరదేశి అనే ఆయన రాయ్‌పూర్ దగ్గరి తిల్దాలో దొరికాడు.

"చంపడమేంటమ్మా? మేం వంతెనలు కట్టేవోళ్లం," అన్నాడు ముసలాయన. "మీ నాయన రోజూ నా వంతు రమ్ము కూడా తాగేసేవాడు. ఓనాడు ఆ మైకంలో ఏట్లో పడితే నేనే జుట్టు పట్టి లాగాను. ఆ పూటే ఒట్టేసుకున్నాడు. చుక్క నాలిక్కి తగిలినా మళ్లీ బోతల్ దాకా పోతానని భయం."

ఎస్తేరుకి బల్ల మీది గిన్నె గుర్తొచ్చింది. ఆ రోజుల్లో అందులో పోసింది మత్తెక్కే అసలు సిసలు ద్రాక్షసారాయే. గుండెల మీంచి బండ దించినట్టయి, తిరుగు రైల్లో తనలో తనే నవ్వుకుంది.

ఇంటికొచ్చి చెబితే దీనమ్మ నవ్వలేదు. పతకాన్ని కొంగుతో చాలాసేపు తుడిచింది.

"ఆయన చెయ్యని హత్యకి శుక్రవారం శుక్రవారం నేను పస్తులున్నాను," అంది. "ఎదురుగా కూర్చుని కడుపునిండా తిన్నాడే గానీ, ఎందుకే అని ఒక్కనాడూ అడగలేదు."

పతకం పక్కన పెట్టి, పీట వాల్చుకుంది.

"ఇవాళ శుక్రవారమే కదా. అన్నం పెట్టవే."