తలకు పోసుకున్న నీళ్లు

"ఆగు, ఆడనే ఆగు! తలకు పోస్కోనిదే గడప తొక్కకు" అని మా అత్త నాగేంద్రమ్మ లోపలి నుంచే అరిచేది. డ్యూటీ దిగి వచ్చిన నేను పెరట్లో నీళ్ల గోలెం దగ్గర నిలబడేదాన్ని. గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. ఆ ఏడు తిరుపతి దేవుడి పంచెలు మా మగ్గమెక్కాయి, ఇల్లంతా నిష్ఠ. నేనేమో నర్సింగ్‌హోంలో కాన్పులు చేసే నర్సును, రోజూ పురుటి మైల మోసుకొచ్చేదాన్ని. ముసురులో పళ్లు టకటకలాడుతున్నా చెంబు మీద చెంబు పోసుకునేదాన్ని. జ్వరమొచ్చినా అంతే.

కానీ ఆ కాన్పుల గదే నా ప్రాణం. నాతో పనిచేసే కేరళ నర్సు షీబాను ఒకసారి అడిగాను, ఇక్కడ సంతోషమేనా అని. "మా ఊర్లో నర్స్ అంటే ఇంటికి గొప్ప వనజా. ఇక్కడ, ఏం తింటావు అని అడిగి ఇల్లు ఇవ్వరు" అని నవ్వింది. "నీకు?" అంది. బిడ్డ తల నా చేతికి తగిలే క్షణం తప్ప నాకింకేమీ తోచలేదు. అదే చెప్పాను.

ఆ వారమే అన్నం తింటూ నా భర్త శ్రీనాథ్ అన్నాడు, "డాక్టరమ్మతోని మాట్లాడిన. రేపటి సంది నిన్ను చీటీలు రాసే కాడ కూసోబెడ్తదంట. అమ్మ పరేషాన్ అయితుంది."

"నన్నొక్క మాట అడగొద్దా?"

"అడిగేదేముంది? పంచెలు దిగేదాంకనే గద. జర పప్పు వెయ్యి."

వేశాను. ఏం చేయను, గరిటె నా చేతిలోనే ఉంది. చీటీల దగ్గర కూర్చున్నా, దవాఖాన దవాఖానే అని నీళ్లు మాత్రం తప్పలేదు.

పంచెలు దిగి తిరుపతికి పోయాయి. నన్ను మళ్లీ లోపలికి పంపమని డాక్టరమ్మను అడిగాను. "లోపట షీబా ఉంది, ఆమెకు ఇంటి గోల లేదు. మీ ఇంటోళ్లతోని నాకెందుకమ్మా లొల్లి? ఇంగ నువ్వు చీటీల కాడనే ఉండు" అంది. షీబా ఇల్లు ఎక్కడో కేరళలో ఉంది కాబట్టి గోల లేదట!

ఆ మధ్యాహ్నమే మానవపాడు జంగమ్మ నొప్పులతో వచ్చింది. ఆమె తొలి కాన్పు చేసింది నేనే. "వనజక్కా, నువ్వు రా లోపటికి. నాకు బయమైతుంది" అని నా చేయి పట్టుకుని వదలలేదు. ఆయా ఆ వేళ్లు విడదీసి లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి పసిబిడ్డ ఏడుపు వినబడింది. నేను తర్వాతి మనిషిని పేరడిగాను.

ఇంటికొచ్చేసరికి అత్త గడపలో నిలబడి ఉంది. డాక్టరమ్మ అప్పుడే శ్రీనాథ్‌కు ఫోన్ చేసి చెప్పిందట. "పంచెలు దిగిపాయె, కాన్పుల పని పాయె, పీడ పాయె. ఇంగ నీకు మైల లేదు. సక్కగ లోపటికి రా బిడ్డా" అంది, ఎన్నడూ లేనంత ప్రేమగా.

నేను పెరట్లోకి నడిచి చెంబు అందుకున్నాను.

"ఇంకెందుకే నీళ్లు?"

"పురుటికేనా అత్తా? చావుకు సుత తలకు పోస్కుంటరు" అని గోలెంలో చెంబు ముంచాను.