ఎలుకలు ఈదిన తొట్టి

నేను ఒక గుండ్రటి ఫైబర్ తొట్టిని. కాకినాడలో ఒక షెడ్డులో రొయ్య పిల్లల కోసం తయారయ్యాను. తీరా చూస్తే హేచరీ యజమాని “ఇంత వెడల్పేంటయ్యా!” అని మొహం తిప్పుకున్నాడు. ఫార్మసీ కాలేజీ వాళ్ళు మాత్రం మురిసిపోయి తీసుకెళ్ళి, లోపల తెల్ల రంగు వేసి ఎలుకలను ఈదించారు. నాకేం తక్కువ? రొయ్యలను పెంచితే డాక్టరేట్ ఇస్తారా ఎవరైనా?

ఆ డాక్టరేట్ కోసమే ప్రసూన మూడేళ్ళుగా తంటాలు పడుతోంది. సరస్వతి ఆకు సారం మతిమరుపును తగ్గిస్తుందో లేదో తేల్చాలి. నా నీళ్ళలో పాలపొడి కలిపి, పైకి కనపడకుండా ఒక చిన్న పీట ముంచి పెడుతుంది. గదిలో గోడల మీది బొమ్మలను గుర్తు పెట్టుకుని ఎలుకలు ఆ పీటను వెతుక్కోవాలి. అన్నిటికీ మతి పోగొట్టే సూది వేస్తుంది, సగం వాటికే ఆకు సారం తాగిస్తుంది. తాగినవి పీట చేరి, తాగనివి గిరగిరా తిరిగితే మందు పనిచేసినట్టు.

దసరా సెలవుల తర్వాత పరీక్ష పెట్టింది. అయ్యో రామా! తాగినవీ, తాగనివీ అన్నీ తిన్నగా పీటెక్కి కూర్చున్నాయి.

“మందున్నా లేకున్నా ఒకటేనైతే మందెందుకమ్మా? వేరే టాపిక్ చూసుకో,” అన్నారు గైడు కామేశంగారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడతారు. ఎలుకంటే అసహ్యం ఆయనకి.

ప్రసూన నా అంచు మీద తల వాల్చి భోరుమంది. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి చూసి, ఠక్కున ఆగిపోయింది. పీటకు సరిగ్గా ఎదురుగా, నా లోపలి గోడ మీద, నీటికి బెత్తెడెత్తున కుంకుమ బొట్టు!

“ఇదెవరు పెట్టారు?”

“నేనేనమ్మా,” అన్నాడు అటెండరు నూకరాజు. “ఆయుధ పూజకి అన్నిటికీ ఎట్టానండి. ఎలకలకి బాగా గుర్తుండాలని దీనికి లోపల కూడా ఎట్టాను.”

“అవన్నీ మీ బొట్టు చూసుకునే పోతున్నాయండీ బాబూ!” అని ఏడుస్తూనే పకపకా నవ్వింది.

పాపం, నూకరాజు పీచు పెట్టి నన్ను అరగదీసినంత పని చేశాడు. ప్రసూన కొత్త ఎలుకలతో మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టింది. రెండు నెలలు ఆదివారం కూడా ఇంటికెళ్ళలేదు.

ఈసారి సారం తాగనివి దారి తెలియక నా చుట్టూ తిరిగాయి. తాగిన ఎనిమిదిలో ఆరు ఎక్కడా తడబడకుండా పీట ఎక్కాయి.

“గుర్తుంది సార్! వీటికి గుర్తుంది!” అని అరిచింది ప్రసూన.

కామేశంగారు గుమ్మం దాటి లోపలికి వచ్చారు. చివరి ఎలుక పీట మీద తడిసి వణుకుతోంది. ఆయన రెండు చేతులతో దాన్ని ఎత్తుకుని, ఇస్త్రీ చేసిన తన జేబురుమాలుతో మెల్లగా ఒళ్ళు తుడిచారు.